మేత పెడితే హక్కు తీరినట్టేనా?

ఒక ప్రాణి మన అధీనంలో ఉంది. వేళకు మేత పెడుతున్నాం. నీళ్ళు పెడుతున్నాం. జబ్బు చేస్తే మందు వేయిస్తున్నాం. ఎండకూ వానకూ నీడ చూపిస్తున్నాం. ఆ ప్రాణికి మన మీద ఉన్న హక్కు అంతటితో తీరిపోయినట్టేనా?

చాలామంది ‘ఔను’ అనే అంటారు. నేనూ అలాగే అనేవాణ్ణి. ఆ జవాబులో ఏదో లోటుందని నాకు మొదటిసారి తెలిసింది ఒక ప్రయాణంలో. అమ్మానాన్నలను, భార్యాపిల్లలను కారులో ఎక్కించుకుని ఏలూరు నుండి విశాఖపట్నం జూకు వెళ్ళిన ప్రయాణమది. జంతువులను చూడటానికి వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు నా ఇంటి గుమ్మానికి వేలాడుతున్న ఒక తాళమే కళ్ళముందు కదలాడింది.

ఆ తాళం సంగతి ముందుగా చెప్పాలి.

మా నాన్నగారు నలభై ఏళ్ళకు పైగా కొల్లేటి ఒడ్డున ఒక గ్రామంలో చేపల వ్యాపారం చేశారు. తెల్లవారకముందే లంకల నుండి దోనెల మీద వచ్చే చేపలను కొని ఏలూరుకు, ఆకివీడుకు పంపేవారు. గుండెజబ్బు వచ్చింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు ముదిరాయి. ఇద్దరినీ ఏలూరు తీసుకువచ్చి మా ఫ్లాట్‌లోనే పెట్టుకున్నాను. మూడో అంతస్తు, లిఫ్టు ఉంది, ఆసుపత్రి దగ్గర. బంధువులందరూ “కొడుకంటే అలా ఉండాలి” అన్నారు. ఆ మాట నాకు బాగానే ఉండేది.

ఒకరోజు నాన్నగారు ఎవరికీ చెప్పకుండా కైకలూరు బస్సెక్కి వెళ్ళిపోయారు. ఫోను ఇంట్లోనే వదిలేశారు. సాయంత్రం దాకా ఊరంతా వెతికాం. చివరికి కొల్లేటి ఒడ్డున ఒక టీ బడ్డీ దగ్గర పాతమిత్రులతో కబుర్లాడుతూ కనిపించారు. ఆయన మతిమరుపు మనిషి కాదు. వెళ్ళాలనిపించింది, వెళ్ళారు, అంతే! కానీ నాకు కలిగిన భయం అంతా ఇంతా కాదు. మర్నాటి నుండి నేను ఆఫీసుకు, నా భార్య బడికి వెళ్ళేటప్పుడు బయటి గ్రిల్లుకు తాళం వేయటం మొదలుపెట్టాం. రెండో తాళంచెవి పక్కింట్లో ఇచ్చాం. లోపల అన్నీ ఉన్నాయి. ఫ్లాస్కులో టీ, మందుల డబ్బా, టీవీ, ఫోను. నాన్నగారు ఒక్కమాట కూడా అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, నేనూ అలాగే అనుకున్నాను.

వేసవి సెలవుల్లో మా అబ్బాయి జూ చూపించమని పట్టుబట్టాడు. “మీ తాతయ్యకూ నానమ్మకూ కూడా గాలి మార్పు ఉంటుంది” అని అందరం బయలుదేరాం.

తాడేపల్లిగూడెంలో చిలుక

ఫజ్ర్ నమాజు చేసుకుని ఏలూరు నుండి కదిలాం. భీమడోలు దాటేసరికి పొద్దెక్కింది. మా అమ్మ పుట్టిల్లు తాడేపల్లిగూడెం. దారిలోనే కదా అని అక్కడ బంధువుల ఇంట్లో టీకి ఆగాం.

వాళ్ళ వసారాలో ఒక పంజరం, అందులో రామచిలుక. ఎర్రని ముక్కు, మెడచుట్టూ నల్లని గీత. జామకాయ ముక్క, నానబెట్టిన శనగలు, గిన్నెలో శుభ్రమైన నీళ్ళు. మా అబ్బాయి దాన్ని వదిలేసి రానంటాడు. నేను మెల్లగా, “మన దేశపు చిలుకలను పంజరంలో పెట్టటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కదండీ” అన్నాను. ఇంటి పెద్దాయన నవ్వేశారు. “నేరమో ఏమో గానీ, మేం ఒకసారి తలుపు తీసి వదిలేశాం. సాయంత్రానికి అదే తిరిగి వచ్చి పంజరంలో కూర్చుంది. దానికి ఇక్కడే హాయి” అన్నారు.

అది గట్టి వాదనలాగే తోచింది. తలుపు తీసినా పోని పక్షిని బందీ అని ఎలా అంటాం?

కారెక్కాక నాన్నగారు మాత్రం, “గుడ్డు నుండి వచ్చినప్పుడే పట్టి ఉంటారు. మేత వెతుక్కోవటం దానికెవరు నేర్పారు? బయటికి పోయి ఏం తింటుంది?” అన్నారు. ఆ తర్వాత తణుకు వచ్చేదాకా కిటికీలోంచి వరిచేలను చూస్తూ కూర్చున్నారు.

ఆ మాటలో లోతు ఉంది. చిలుక తిరిగి వచ్చింది నిజమే. కానీ అది పంజరాన్ని ఎంచుకుందనటానికి లేదు. ఎంచుకోవాలంటే రెండో దారి తెలిసి ఉండాలి. ఎగరటం మరిచిపోయేదాకా ఒక ప్రాణిని బంధించి, ఆపైన “చూశారా, దానికి ఎగరాలని లేదు” అనటం న్యాయమేనా? ఆలోచించండి!

గోదావరి వంతెన మీద అమ్మ చెప్పిన మాట

సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరిని, రావులపాలెం దాటాక గౌతమిని చూసి పిల్లలు కేరింతలు కొట్టారు. ఇసుకతిన్నెల పక్కన ఒక చిన్న పడవ పోతోంది. అమ్మకు ఏదో గుర్తొచ్చింది.

“మీ నాన్న కూడా ఇంతే పొట్టివాడిగా ఉన్నప్పుడు దోనె మీద బడికి పోయేవాడురా. అటువైపు ఊళ్ళోనే హైస్కూలు. నాకేమో నీళ్ళంటే భయం. పంపనని ఏడ్చేదాన్ని. మీ తాతయ్య వినలేదు. నేను గట్టుమీద నిలబడి, దోనె తూటాకులో కనుమరుగయ్యేదాకా ‘యా అల్లాహ్, యా అల్లాహ్’ అనుకునేదాన్ని. సాయంత్రం మళ్ళీ అదే గట్టుమీద.” మనవడికి చెబుతోంది గానీ, వింటున్నది నేను. ఆ దోనె నాకు గుర్తుంది. గట్టుమీద నిలబడ్డ అమ్మ మాత్రం గుర్తులేదు. పిల్లవాడు వెనక్కి తిరిగి చూడడు కదా!

కంటి ఆకలి

ఆ రాత్రి విశాఖలో బంధువుల ఇంట్లో దిగి, ఆదివారం ఉదయమే జూకు చేరుకున్నాం. ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల 1977లో ప్రారంభమయ్యింది. 625 ఎకరాలు. పక్కనే కంబాలకొండ అడవి, ఒక వైపు జాతీయ రహదారి, ఇంకోవైపు సముద్రతీరం. చాలా జంతువులకు ఇనుప బోనుల స్థానంలో కందకాలతో కూడిన విశాలమైన ఆవరణలు ఉన్నాయి. చెట్లనీడలో అమ్మను మెల్లగా నడిపించుకుంటూ పులిని, ఏనుగును, నీటిగుర్రాన్ని, ఎలుగుబంటిని చూశాం. అల్లాహ్ సృష్టి వైచిత్రిని చూసి నా నోట ‘సుబ్‌హానల్లాహ్’ అనే మాట దానంతటదే వచ్చింది.

కోతుల ఆవరణ దగ్గర కొందరు కుర్రాళ్ళు అరుస్తూ, చిప్స్ విసురుతూ వాటిని రెచ్చగొడుతున్నారు. జూలో జంతువులను ఏడిపించటం చట్టప్రకారం శిక్షార్హమైన నేరమని బోర్డులు ఉన్నా పట్టించుకునేవారు లేరు. బంధించబడిన ప్రాణి ముందు మనిషి స్వభావం ఎలా బయటపడుతుందో అక్కడ కనిపించింది.

చివరకు నీటిపక్షుల వైపు వచ్చాం. అక్కడ గూడబాతులు ఉన్నాయి. గడ్డం కింద సంచి వేలాడే పెద్ద పక్షులు. చాలామంది పెలికాన్ అంటారు. నాన్నగారు కమ్మీ పట్టుకుని ఆగిపోయారు. “తాతయ్యా, ఇవి మన కొల్లేటివేనా?” అని మా అబ్బాయి అడిగాడు. “మనవే” అన్నారు. చాలాసేపు చూశాక, “మేత బాగానే పెడుతున్నారు. చూడు, ఎంత నున్నగా ఉన్నాయో!” అన్నారు. ఆ తర్వాత నవ్వుతూ, “పైన వల ఉంది కాబట్టి సరిపోయిందిరా. లేకపోతే ఈపాటికి బస్సెక్కేసేవి” అన్నారు.

పిల్లలు పకపకా నవ్వారు. నా భార్యా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయన నన్ను దెప్పటానికి అన్నారో, మామూలుగా అన్నారో ఇప్పటికీ తెలియదు. జేబులో తాళాల గుత్తి ఒక్కసారిగా బరువెక్కింది.

కాసేపయ్యాక బెంచీ మీద కూర్చున్నప్పుడు, నన్ను నేను సమర్థించుకోవటానికేమో, “మీ రోజుల్లో కొల్లేట్లో పక్షులను వలవేసి పట్టేవారు కదా నాన్నా? దానికంటే ఇది నయం కదా?” అని అడిగాను. ఆయన కాదనలేదు. “పట్టాం. తిన్నాం, అమ్మాం కూడా. అది కడుపాకలి. అందులో ఎంత తప్పుందో అల్లాహ్‌కు నేను లెక్క చెప్పుకోవాలి. ఇది కంటి ఆకలి. కడుపు నిండితే చాలంటుంది. కన్ను ఎప్పుడైనా చాలంటుందా?” అన్నారు.

ధర్మం ఏమంటోంది?

జంతువుల పట్ల మానవుని బాధ్యత గురించి ఇస్లాం బోధనలు మనకు కొత్తవి కావు. భూమిపై నడిచే ప్రతి జంతువూ, రెక్కలతో ఎగిరే ప్రతి పక్షీ మనలాంటి సముదాయాలేనని దివ్యఖుర్‌ఆన్ ఆరో సూరా తెలుపుతోంది. పిల్లిని కట్టివేసి దాని చావుకు కారకురాలైన స్త్రీ సంఘటనను దైవప్రవక్త (స) వివరించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. మన ఉపన్యాసాల్లో ఆమె పిల్లికి తిండి పెట్టలేదన్న విషయమే ఎక్కువగా వినిపిస్తుంది. ఆమెపై మోపబడిన అభియోగాలు రెండు. తాను తిండి పెట్టలేదు. భూమ్మీది పురుగూపుట్రా తిని బ్రతకటానికి దాన్ని వదలనూ లేదు. రెండో భాగాన్ని మనం తొందరగా దాటేస్తున్నాం.

అలాగని బంధించటమే నిషిద్ధమని తొందరపడి చెప్పకూడదు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. అది చనిపోయినప్పుడు ఆ పసివాణ్ణి దైవప్రవక్త (స) ప్రేమతో పలకరించారు. పిట్టను ఎందుకు పెంచావని మందలించలేదు. బాగా చూసుకుంటే పక్షిని పంజరంలో ఉంచుకోవచ్చని ఈ హదీసు ఆధారంగా ఇబ్నె హజర్ వంటి పండితులు అభిప్రాయపడ్డారు. కాబట్టి అనుమతి ఉంది. కానీ ‘చేయవచ్చా?’ అనే ప్రశ్నకు జవాబు దొరికినంత మాత్రాన ‘ఎలా చేయాలి? ఎంతవరకు చేయాలి?’ అనే ప్రశ్నలు మిగిలే ఉంటాయి.

అబూదావూద్ గ్రంథంలోని మరో హదీసు ఈ రెండో ప్రశ్నకు దారి చూపుతుంది. ఒక ప్రయాణంలో కొందరు సహచరులు ఒక పిట్ట గూటి నుండి రెండు పిల్లలను తీసుకున్నారు. తల్లిపిట్ట వచ్చి రెక్కలు కొట్టుకుంటూ వారిచుట్టూ తిరగసాగింది. దైవప్రవక్త (స) అది చూసి, దాని పిల్లల విషయంలో దాన్ని బాధపెట్టిందెవరని అడిగి, వాటిని తిరిగి ఇచ్చేయమని ఆదేశించారు. ఆ పిల్లలు ఆకలితో ఉన్నాయా అని అక్కడ ఎవరూ అడగలేదు. ఆ సహచరులు బహుశా మేత పెట్టేవారే. అయినా తల్లీపిల్లల మధ్య బంధం మేతతో పూడ్చలేనిదని ఆ ఆదేశం చెబుతోంది.

1262లో మరణించిన గొప్ప ధర్మశాస్త్రవేత్త ఇజ్జుద్దీన్ ఇబ్నె అబ్దుస్సలామ్ మనిషిపై జంతువులకుండే హక్కులను వరుసగా రాశారు. శక్తికి మించిన బరువు మోపకూడదు, హాని చేసేవాటితో కలిపి కట్టకూడదు అంటూ సాగే ఆ వరుసలో ఒక హక్కు నన్ను కదిలించింది. పశువు ముసలిదై, జబ్బుపడి, ఇక దానివల్ల ఏ ప్రయోజనమూ లేకపోయినా దాని పోషణభారం యజమానిదే! అంటే హక్కుకు మూలం ఉపయోగం కాదు. ఆ ప్రాణి మన చేతిలో ఉండటమే.

పదో శతాబ్దంలో బస్రాకు చెందిన ‘ఇఖ్వానుస్సఫా’ అనే పండితబృందం ఒక చిత్రమైన కథ రాసింది. అందులో జంతువులన్నీ కలిసి జిన్నుల రాజు దగ్గర మనిషిపై దావా వేస్తాయి. ‘మేం వీళ్ళ యజమానులం’ అని మనుషులు తమ రూపాన్ని, తెలివిని, వృత్తులను చూపిస్తారు. ప్రతి గొప్పకూ జంతువులు దీటైన జవాబు ఇస్తాయి. చివరకు మనిషి పక్షాన నిలిచేది మరణానంతరం తిరిగి లేపబడటం, పరలోక జీవితం అనే విషయమే. తిరిగి లేపబడేది లెక్క చెప్పటానికే కదా! అంటే మన పెద్దరికమే మన మెడకు చుట్టుకున్న బాధ్యత అన్నమాట.

రెండో పక్షం

ఇంతవరకు చదివినవారు జూలన్నీ మూసివేయాలని నేనంటున్నాననుకోవచ్చు. అది నా ఉద్దేశ్యం కాదు. న్యాయంగా రెండోపక్షం కూడా వినాలి.

మా చిన్నప్పుడు ఊరికి వచ్చే సర్కస్‌లో ఇరుకు బండిలో అటూ ఇటూ తిరిగే పులిని చూశాం. పులులు, సింహాలు, ఎలుగుబంట్లు, చిరుతలు, కోతులతో ప్రదర్శనలివ్వటాన్ని 1998లో కేంద్ర ప్రభుత్వం నిషేధించింది. 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. జూలపై అజమాయిషీకి 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. ఆనాటి బోనులకూ ఈనాటి ఆవరణలకూ చాలా తేడా ఉంది. అయినా సమస్య పూర్తిగా తీరలేదు. అడవిలో చాలా దూరాలు తిరిగే మాంసాహార జంతువులే బంధనంలో ఎక్కువగా కుములుతున్నాయని ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2003లో ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. ఎంత దూరం తిరగటానికి పుట్టిందో, అంత బాధ!

జూలు ప్రాణం పోసిన సందర్భాలూ ఉన్నాయి. అరేబియా ఎడారిలో ఓరిక్స్ అనే తెల్లని జంతువు ఉండేది. పొడుగాటి కొమ్ములు, జింకలాంటి రూపం. వేటగాళ్ళ తుపాకులకు బలై, 1972 నాటికి అడవిలో ఒక్కటి కూడా మిగల్లేదు. అయితే అంతకు పదేళ్ళ ముందే కొన్నింటిని పట్టి అమెరికాలోని ఫీనిక్స్ జూలో పెంచి మందగా వృద్ధి చేశారు. 1982లో వాటి సంతతిని ఒమాన్ ఎడారిలో తిరిగి వదిలారు. ఆ బోనులే లేకపోతే ఈరోజు ఆ జాతికి ఉనికి కష్టమే.

కథ అక్కడితో ఆగలేదు. ఒమాన్‌లోని ఆ అభయారణ్యంలో మళ్ళీ వేట మొదలయ్యింది. దాని విస్తీర్ణాన్ని ప్రభుత్వం తొంభై శాతం తగ్గించింది. 2007లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుండి తొలగించింది. ఆ జాబితా నుండి తొలగింపునకు గురైన మొదటి ప్రదేశం అదే. ప్రాణిని కాపాడి, అది బ్రతికే చోటును కాపాడకపోతే ఏమవుతుందో చూడండి!

కాబట్టి బంధించటం కొన్నిసార్లు రక్షణే. కానీ అది దారి మధ్యలో మజిలీ మాత్రమే. మజిలీనే గమ్యం చేసేస్తే రక్షణ కాస్తా బందిఖానా అవుతుంది.

పైన వల లేనిచోట

తిరిగి వచ్చిన మరుసటి ఆదివారం నాన్నగారిని కొల్లేరుకు తీసుకువెళ్ళాను. ఏలూరు నుండి చినఎడ్లగాడి వంతెన మీదుగా కైకలూరు, అక్కడి నుండి ఆటపాక. గూడబాతులు వందలాదిగా కనిపించాయి. చెట్లు కరువైనచోట అటవీశాఖ వారు నీటిలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. వాటిమీద గూళ్ళు కట్టుకున్నాయి. తల్లిపక్షి నోరు తెరిస్తే పిల్ల తన తలంతా దాని సంచిలో దూర్చి చేప తింటోంది. మా అబ్బాయి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. జూలో కంటే ఎక్కువసేపు చూశాడు.

నేను చూసింది ఆ ఇనుప స్టాండ్లను. అవీ మనిషి చేసినవే. జూ ఆవరణలాగే ఇనుముతో చేసినవే. కానీ వాటిపైన వల లేదు. పక్షి తనకు తానుగా వస్తుంది, గూడు కడుతుంది, పిల్లలను పెంచుతుంది, వెళ్ళాలనుకున్నప్పుడు వెళ్తుంది. ఆసరా ఇవ్వటానికీ, బంధించి ఉంచటానికీ మధ్య తేడా ఇంత స్పష్టంగా నాకెక్కడా కనిపించలేదు.

ఆ ఆసరా ఊరికే రాలేదు. 1946లో పక్షి శాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో సుమారు 3000 గూడబాతులు గూళ్ళు కట్టుకున్న స్థావరాన్ని గుర్తించారు. 1975 ప్రాంతానికి అది మాయమైపోయింది. 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో చేపలచెరువుల గట్లను పెద్దఎత్తున కొట్టివేశారు. ఆ రోజుల్లో సరస్సును నమ్ముకున్న పేదలెందరో ఉపాధి కోల్పోయారని నాన్నగారు ఇప్పటికీ బాధపడుతుంటారు. ఆయన బాధలో న్యాయముంది. పక్షుల హక్కును పేదవాడి కడుపు మీద నుండి మాత్రమే వసూలు చేయటం ధర్మం కాదు. సృష్టి మనందరి దగ్గరున్న అమానతు అయినప్పుడు, దాన్ని కాపాడే ఖర్చు కూడా అందరం పంచుకోవాలి.

రెక్క కప్పుతుంది, పంజరం మూస్తుంది

సోదర సోదరీమణులారా! వృద్ధులైన తల్లిదండ్రుల విషయంలో అల్లాహ్ మనకిచ్చిన ఆదేశం బనీ ఇస్రాయీల్ సూరాలో ఉంది. వారిముందు విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనకూడదు. కారుణ్యంతో, వినమ్రతతో వారి కోసం రెక్కను వాల్చి ఉంచాలి. చిన్నప్పుడు వారు తనను పెంచినట్లే వారిని కరుణించమని ప్రభువును వేడుకోవాలి. ఇదీ ఆ బోధనల సారాంశం.

ఎన్నిసార్లు చదివానో! ‘ఉఫ్’ అనలేదు కాబట్టి నేను పాసయ్యాననుకున్నాను. ‘రెక్క’ అనే పదం దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఆటపాకలో రెక్కలను చూశాక ఆగాను. తల్లిపక్షి రెక్క పిల్లను ఎండ నుండి కప్పుతుంది. కానీ ఆ రెక్కకు తాళం ఉండదు. పిల్ల బయటికి రావచ్చు, మళ్ళీ దూరవచ్చు. పంజరం కూడా నీడ ఇస్తుంది, పిల్లుల నుండి కాపాడుతుంది. అయినా అది రెక్క కాదు.

పెంపకం గురించిన ఆ ప్రార్థన కూడా కొత్తగా అర్థమయ్యింది. చిన్నప్పుడు వారు నన్ను ఎలా పెంచారు? తినిపించారు, బట్టలు కట్టారు, జబ్బు చేస్తే నిద్రమానుకుని కూర్చున్నారు. అంతేనా? దోనె మీద పంపారు కూడా! నీళ్ళంటే భయపడే తల్లి గట్టుమీద నిలబడి, భయాన్ని తన దగ్గరే ఉంచుకుని, నన్ను పంపింది. ఆ భయం నుండి తప్పించుకోవటానికి ఆమె నన్ను ఇంట్లో పెట్టి తాళం వేసి ఉంటే నాకు చదువు లేదు, ఉద్యోగం లేదు, ఆ మూడో అంతస్తు ఫ్లాటూ లేదు. నేనేమో నా భయాన్ని నాన్నగారి గ్రిల్లుకు తగిలించి నిశ్చింతగా ఆఫీసుకు పోయాను.

ఆ తాళం నాన్నగారి గుండె కోసమేనని నమ్మేవాణ్ణి. నిజాయితీగా చూసుకుంటే అందులో సగం నా ప్రశాంతత కోసం. ఎవరినైనా మన అధీనంలో ఉంచుకున్నప్పుడు మనల్ని మనం మూడు ప్రశ్నలు అడుగుకోవాలి. ఈ కట్టడి వారి మేలుకా, నా సౌకర్యానికా? వారి బ్రతుకులో దేనికి అర్థం ఉందో, అందులో ఎంత మిగిల్చాను? వారిని అడిగానా? పక్షిని అడగలేం, దాని స్వభావాన్ని చూసి తెలుసుకోవాలి. నాన్నను అడగవచ్చు. నేను అడగలేదు.

ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత అడిగాను. “తాళం మీకు కష్టంగా ఉందా నాన్నా?” కాసేపు ఆగి, “నువ్వు భయపడుతున్నావు కదా అని ఊరుకున్నాన్రా” అన్నారు. నేను అంగీకారమనుకున్న మౌనం, నాపై ఆయన చూపిన జాలి! రెక్క వాల్చింది నేను కాదు, అప్పటికీ ఆయనే.

తాళం తీసేశాం. జాగ్రత్తలు మానలేదు. జేబులో ఫోను, నాలుక కింద పెట్టుకునే మాత్రలు, నా నంబరు రాసిన కార్డు. ప్రతి గురువారం కైకలూరు బస్సెక్కుతారు. వెళ్ళే ముందు నాకు చెబుతారు, దిగగానే ఫోను చేస్తారు. అందరి ఇళ్ళలోనూ ఇది సాధ్యం కాకపోవచ్చు. మతిమరుపు జబ్బుతో దారితప్పే పెద్దలకు కాపలా తప్పనిసరి. అలాంటివారికి కనీసం రోజూ ఒక గంట మనం చెయ్యిపట్టుకుని బయటి ప్రపంచాన్ని చూపించవచ్చు కదా!

గురువారం సాయంత్రం నాన్నగారు మెట్లెక్కి వచ్చేదాకా నా మనసు మనసులో ఉండదు. అమ్మ మాత్రం బాల్కనీలో నిలబడి రోడ్డువైపు చూస్తూ ఉంటుంది. అలవాటైన మనిషి కదా! నేనూ వెళ్ళి ఆమె పక్కన నిలబడతాను.

ఓ అల్లాహ్! నోరులేని ప్రాణుల విషయంలోనూ, నోరుండి మా కోసం మౌనం వహించే పెద్దల విషయంలోనూ మాకు న్యాయబుద్ధిని ప్రసాదించు. మా భయాలను వారికి సంకెళ్ళుగా మార్చకుండా మమ్మల్ని కాపాడు. ఆమీన్.